గురువారం అటు, ఆదివారం ఇటు

శాసనసభ ఎన్నికల్లో మా పార్టీ ఓడిపోయాక దాని పట్టణ కార్యాలయం మా ఇంటి ముందుగదిలోకి వచ్చింది. మా వారు శేషగిరి గారు పట్టణ శాఖ అధ్యక్షులు. పాత కార్యాలయానికి చోటిచ్చిన ఆసామి ఓట్ల లెక్కింపు పూర్తి కాకముందే గోడలకు సున్నం వేయించడం మొదలుపెట్టాడు. దాంతో ఒక బల్ల, కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మైకు, గళ్ల కండువాల మూట మా ఇంటికి చేరాయి. మాది గళ్ల కండువా. అవతలి పార్టీది చారల కండువా. సిద్ధాంతాల్లో కూడా తేడా ఉందని మా వారంటారు. నేను రెండు పార్టీల మేనిఫెస్టోలూ చదివాను. కండువాల్నయితే దూరం నుంచి కూడా పోల్చుకోవచ్చు.

పార్టీని మళ్లీ కట్టడానికి రాజధాని నుంచి ఒక పరిశీలకుణ్ణి పంపారు. పేరు విద్యాధర్. ఇదివరకు సబ్బుల కంపెనీలో అమ్మకాలు చూసేవారట. చేతిలో ఎప్పుడూ ఒక ట్యాబు ఉండేది. మనిషితో మాట్లాడుతున్నప్పుడు దాని వంక, దానిలోకి చూడాల్సి వచ్చినప్పుడు మనిషి వంక చూసేవారు.

"సంస్థాగత పునర్నిర్మాణానికి కొలమానం అవసరం," అన్నారు మొదటి సమావేశంలో. "పార్టీలో ఎందరున్నారన్నది గతం. ఈ వారం ఎందరు చేరారన్నది వర్తమానం. అధిష్ఠానం ఇకమీదట చేరికలను మాత్రమే పరిగణనలోకి తీసుకుంటుంది."

"మా దగ్గర పాతకాపులు చాలామంది ఉన్నారండి," అన్నారు మా వారు.

"వారు నిల్వ సరుకు. కదిలే సరుకునే మేము లెక్కిస్తాము."

చివరి కుర్చీలోంచి నూకరత్నం గారు లేచారు. "సరుకంటే మనవేనా బాబూ?"

"మనమేనమ్మా, కూర్చోండి," అన్నారు మా వారు.

నూకరత్నం గారు మా వీధి చివర పిండిమర నడుపుతారు. ఊళ్లో మా పార్టీ మొదటి సమావేశం జరిగింది ఆ మరలోనే. వాళ్ల నాన్న ఆ పూట మర ఆపేసి జనానికి చోటిచ్చాడు. అప్పటినుంచీ పార్టీ గెలిచినా ఓడినా ఆవిడ మర ముందు జెండా ఎగరేస్తూనే ఉన్నారు. పదకొండో వార్డులో ఎవరికి పింఛను ఆగినా, కుళాయిలో నీళ్లు రాకపోయినా ముందు ఆవిడకే చెబుతారు. ఆవిడ వెళ్లి కౌన్సిలర్ గుమ్మం దగ్గర నిలబడతారు. రాబోయే మున్సిపల్ ఎన్నికల్లో మా వార్డు మహిళలకు రిజర్వయింది. ఇన్నేళ్లూ ఇంకొకరి గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి ఇప్పుడు లోపల కుర్చీలో కూర్చోవాలని మొదటిసారి ఆశపడ్డారు. టికెట్ ఆవిడదేనని అందరం అనుకున్నాం.

విద్యాధర్ గారి పద్ధతి ప్రకారం వారం వారం చేరికల సభ జరగాలి. చేరినవాళ్ల మెడలో అధ్యక్షుడు కండువా వేస్తుండగా ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. ఏ పార్టీలోనూ లేని మనిషి వచ్చి చేరితే ఒక మార్కు. అవతలి పార్టీ నుంచి వస్తే అయిదు. అటునుంచి వెంట జనాన్ని కూడా తీసుకొస్తే పదిమందికి యాభై. ఆ మార్కులు శాఖకూ పడతాయి, చేరిన మనిషికీ పడతాయి. మున్సిపల్ టికెట్లు మార్కులను బట్టే ఇస్తారు.

మొదట్లో బాగానే సాగింది. మా వారి ఎరువుల కొట్టు గుమస్తా చేరాడు. పాలు పోసే గవర్రాజు చేరాడు. ఇస్త్రీ బండి అతను, అతని తమ్ముడు చేరారు. గ్యాస్ తెచ్చినతనయితే భుజం మీద బండ దించకముందే చేరిపోయాడు. మెడ ఖాళీ లేదంటే మా వారు బండకే కండువా చుట్టి ఫొటో తీయించారు. అలా వీధిలో చేరనివాళ్లు లేకుండా పోయారు. ఆ తర్వాతి వారం గవర్రాజునే మళ్లీ నిలబెట్టి ఫొటో తీస్తే యాప్ ఒప్పుకోలేదు. 'ఈ ముఖం ఇప్పటికే పార్టీలో ఉంది' అంది.

మా వారు పరిశీలకులకు ఫోన్ చేశారు.

"ఉన్నవారు చేరలేరు," అన్నారు విద్యాధర్ గారు. "వెళ్లినవారే తిరిగి చేరగలరు."

"వెళితే మార్కులు పోతాయాండి?"

"నిష్క్రమణలను పార్టీ గుర్తించదు. మన పార్టీని విడిచి ఎవరూ వెళ్లరన్నది అధిష్ఠానం దృఢ విశ్వాసం."

మా వారు ఫోన్ పెట్టేసి కాఫీ చల్లారిపోయేదాకా ఆలోచించారు.

అవతలి పార్టీ పట్టణ అధ్యక్షుడు అబ్బులు నాకు స్వయానా బాబాయి కొడుకు. మైకు ముందు అతనూ మా వారూ ఒకరినొకరు దోపిడీ ముఠా నాయకుడు అనుకుంటారు. ఇంట్లో బావా అనుకుంటారు. పెసరట్టు రోజున అబ్బులన్నయ్య పెరటి గుమ్మంలోంచి వస్తాడు. ఆ రోజూ వచ్చాడు. వాళ్ల పార్టీ కూడా ఒక పరిశీలకుణ్ణి పెట్టుకుందట. అతనూ ఆ సబ్బుల కంపెనీలోంచి వచ్చినవాడేనట.

"బావా, గురువారానికి నాకు ముప్పై తలకాయలు కావాలి," అన్నాడు అట్టు తుంపుతూ.

"నాకు మాత్రం అక్కర్లేదా ఏంటి?"

"మరింకే. నీ ముప్పై నాకియ్యి. నా ముప్పై నువ్వుచ్చుకో. ఆదివారం ఎవరి జనం వాళ్లకి. తిరిగొచ్చిందానికీ అయిదు మార్కులే కదా."

"మావాళ్లు ఒప్పుకోవద్దా?"

"నీ మీద మీవాళ్లకి అంత ప్రేమ లేదులే. చెల్లాయ్, అల్లం పచ్చడి ఇంకాస్త వెయ్యి."

అతను పొరబడ్డాడు. మా వాళ్లకు పార్టీ మీద నిజంగానే ప్రేమ ఉంది. సమావేశం పెట్టి, పార్టీ కోసం ఏమైనా చేసేవాళ్లు చేతులెత్తండి అని మా వారడిగితే అందరూ ఎత్తారు. అయితే గురువారం పార్టీ మారాలి అన్నారు. ముందు అందరికంటే విధేయులైనవాళ్లు వెళ్లారు. వెనకాడిన ఇద్దరి మీద, వీళ్లకు పార్టీ మీద నిబద్ధత తక్కువని అనుమానాలొచ్చాయి. వాళ్లు కూడా మరుసటి గురువారం వెళ్లి ఆ అపవాదు పోగొట్టుకున్నారు.

రెండు పార్టీలకూ అదే ఫంక్షన్ హాలు, అదే మైకు. గురువారం పొద్దున మా వాళ్లు చారల కండువా వేసుకునేవారు. సాయంత్రం వాళ్ల వాళ్లు గళ్ల కండువా వేసుకునేవారు. గురువారం నాడు మాట్లాడమంటే, 'అక్కడ ఊపిరాడక బయటికొచ్చాను' అనాలి. ఆదివారం, 'సొంత గూటికి చేరినట్టుంది' అనాలి. గవర్రాజు ఈ రెండూ ఎంత బాగా చెప్పేవాడంటే, రెండు పార్టీలూ అతన్ని ప్రధాన వక్తగా వేసుకున్నాయి. పాలు మాత్రం ఆ రెండు రోజులూ ఆలస్యమయ్యేవి.

కండువాలు మా ఇంట్లోనే ఉతికేవాళ్లం. ఒక తీగ మీద గళ్లవి, ఒక తీగ మీద చారలవి ఆరేసేదాన్ని. ఎదురింటావిడ మేడ మీదనుంచి చూసి, "మీరింతకీ ఏ పార్టీ వదినా?" అని అడిగింది. ఎండను బట్టి, అన్నాను.

జిల్లాలో మా పట్టణ శాఖ మొదటి స్థానానికి వచ్చింది. విద్యాధర్ గారు స్వయంగా వచ్చి మా వారికి శాలువా కప్పారు. "ఇంతటి ప్రవాహశీలత నేను ఎక్కడా చూడలేదు," అన్నారు. తర్వాత మా ముందుగదిలోనే ఆశావహులను పిలిచి మాట్లాడటం మొదలుపెట్టారు.

పదకొండో వార్డు వంతు వచ్చింది. నూకరత్నం గారు చేతికంటిన పిండి కొంగుకు తుడుచుకుని కూర్చున్నారు.

"మీ పేరు యాప్‌లో లేదు. మీరు పార్టీలో ఎప్పుడు చేరారమ్మా?"

"చేరడవేంటండి. పార్టీయే మా మరలోకొచ్చి చేరింది."

"అంటే మీ విషయంలో చేరిక ప్రక్రియ జరగలేదు."

"ఉన్నదాన్ని ఎలా చేరతానండి?"

"సాంకేతికంగా మీరు పార్టీలో లేరు. నిరాశ పడకండి, ఇది శుభపరిణామం. లేనివారికే చేరే అవకాశం ఉంటుంది."

"మరిప్పుడు ఈ వార్డులో ఎవరికెక్కువ మార్కులున్నాయండి?"

ఆయన ట్యాబులో వెతికారు. "మంగాదేవి గారికి. పలుమార్లు చేరారు. ప్రతిసారీ అనుచరులతో."

మంగాదేవి అంటే అబ్బులన్నయ్య భార్య, మా వదిన. చారల పార్టీ అధ్యక్షుడి పెళ్లాం కాబట్టి గురువారం గురువారం ఆవిడ మా పార్టీలో చేరడానికి ఒక ఘనత ఉండేది. జనం కూడా వెంట వచ్చేవారు. అలా మా పార్టీలో ఉన్నవాళ్లందరికంటే మా పార్టీలో ఆవిడకే మార్కులెక్కువయ్యాయి.

నూకరత్నం గారు లేచి వంటింట్లోకి వచ్చి నా పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. నేను చిక్కుళ్లు ఒలుస్తుంటే ఆవిడా కొన్ని తీసుకున్నారు.

"ఇంట్లో ఉన్న మనిషిని బయటికెళ్లి తలుపు కొట్టమంటున్నారమ్మాయ్," అన్నారు ఒలుస్తూనే. "కొడితే తీస్తారంటావా?"

"వెళ్లాలని లేకపోతే వెళ్లకండి."

"ఎవరికుంటదే వెళ్లాలని. కానీ మొన్న కౌన్సిలర్ని కుళాయి సంగతడగడానికెళ్తే, ఏ హోదాలో వచ్చావు అన్నాడు. పిండి హోదాలో వచ్చానన్నాను. నవ్వాడు. నేను కూడా నవ్వాననుకో. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు."

ఒక్క గురువారమే కదా, ఆదివారానికి వచ్చేస్తారు కదా అని మా వారు నచ్చజెప్పారు. నేరుగా చేరితే ఒక్క మార్కే, అటు వెళ్లి వార్డు జనమంతటితో తిరిగొస్తే పదిమందికి యాభై చొప్పున పడతాయి, ఒక్క దెబ్బకు మంగాదేవిని దాటేస్తారు అని లెక్క చెప్పారు. మా వారి ఉద్దేశం మంచిదే. ఆవిడకు టికెట్ రావాలని ఆయనకు నిజంగానే ఉంది.

గురువారం నన్ను తోడు రమ్మన్నారు. వెళ్లాను. వేదిక మీద అబ్బులన్నయ్య చారల కండువా పట్టుకుని నిలబడి, ఆవిడ దగ్గరికొచ్చేసరికి తడబడ్డాడు. పోయిన ఎన్నికలప్పుడు అతన్ని వార్డులోంచి చేటతో తరిమింది ఆవిడే.

"మెడ కాస్త వంచండి పిన్నీ."

"నువ్వు చెయ్యెత్తరా."

అతను చెయ్యెత్తాడు. ఆవిడ వెంట వచ్చిన వార్డు జనంతో హాలు నిండిపోయింది. వాళ్లెవరూ గురువారం మనుషులు కారు. ఏ చేరికకూ ఎప్పుడూ రాలేదు. ఈవిడ వెళుతోందంటే ఏదో కారణం ఉండే ఉంటుందని వచ్చారు. ఊపిరాడక బయటికొచ్చానని చెప్పమని గవర్రాజు చెవిలో అందించాడు. ఆవిడ మైకు దగ్గరికెళ్లి, "ఆదివారం దాకా ఇక్కడుంటానండి," అని చెప్పి దిగిపోయారు.

శుక్రవారం ఉదయం మున్సిపల్ ఎన్నికల నోటిఫికేషన్ వచ్చింది.

మధ్యాహ్నానికి మా అధిష్ఠానం నుంచి ఆదేశం దిగింది. టికెట్ల కోసం కొత్తవాళ్లు ఎగబడకుండా, ఎన్నికలు ముగిసేవరకు చేరికలు నిలిపివేయడమైనది. సాయంత్రానికి అవతలి అధిష్ఠానం కూడా అదే మాట చెప్పింది. ఎక్కడివారు అక్కడే ఉండాలి.

మా వారు ఫోన్ అందుకున్నారు. "అయ్యా, మా వాళ్లంతా అటున్నారండి."

"మీ వాళ్లంటే ఎవరు?"

"మా వాళ్లేనండి. పార్టీ వాళ్లు."

"యాప్ ప్రకారం మీ వాళ్లందరూ మీ దగ్గరే ఉన్నారు. నిన్న సాయంత్రమే చేరారు. మీకు అభినందనలు."

మా ముందుగదిలో ఉన్నవాళ్లను మా వారు ఒకసారి చూశారు. అందరూ అబ్బులన్నయ్య మనుషులే. టీ ఇస్తే, పంచదార తక్కువైందన్నారు. మా పార్టీ వాళ్లు ఎప్పుడూ ఆ మాట అనలేదు. నిన్నటిదాకా కట్టిన పార్టీ మొత్తం ఇప్పుడు వీధి అవతల అబ్బులన్నయ్య ఇంట్లో కూర్చుని, పంచదార ఎక్కువైందంటోందని తర్వాత తెలిసింది.

పదకొండో వార్డులో మార్కుల ప్రకారం మా పార్టీ టికెట్ మంగ వదినకు వచ్చింది. చారల పార్టీలో అంతమంది జనంతో చేరినవాళ్లు ఇంకెవరూ లేకపోవడంతో వాళ్ల టికెట్ నూకరత్నం గారికి వచ్చింది. అబ్బులన్నయ్య తన భార్య మీద పోటీగా ప్రచారానికి బయల్దేరాడు. మా వారు మా వదిన తరఫున బయల్దేరారు.

"బావా, మా ఆవిడని గట్టిగా గెలిపించు," అన్నాడు అబ్బులన్నయ్య పెరటి గుమ్మంలో నిలబడి. "ఓడిపోతే ఇంట్లో నేను బతకలేను."

"మరి నువ్వు మా నూకరత్నమ్మని ఓడిస్తావా?"

"పార్టీ క్రమశిక్షణ బావా. గెలిపించక తప్పదు. లేదంటే అధిష్ఠానం ఊరుకోదు."

"అంటే మీ ఆవిడని ఓడిస్తావన్నమాట."

అబ్బులన్నయ్య గుమ్మం మీద కూలబడి మంచినీళ్లడిగాడు.

ఊరేగింపుల్లో మా జెండా పట్టుకున్నవాళ్లు అలవాటు కొద్దీ అవతలి పార్టీకి జై కొట్టి నాలుక్కరుచుకునేవారు. వాళ్ల ఊరేగింపులోనూ అంతేనట. ఒక కూడలిలో రెండు ఊరేగింపులు ఎదురుపడ్డప్పుడు ఎవరి నినాదం వాళ్లకు సరిగ్గా కుదిరింది. పోలీసులు కూడా మెచ్చుకున్నారు.

నామినేషన్ల ఉపసంహరణకు ముందు రోజు నూకరత్నం గారు మా ఇంటికొచ్చారు. చారల కండువా మడిచి చేతిలో పట్టుకుని ఉన్నారు. ముందుగదిలో మంగ వదిన మనుషులున్నారని పెరటి వైపు నుంచి వచ్చారు.

"వెనక్కి తీసుకోమంటే తీసుకుంటాను బాబూ," అన్నారు మా వారితో. "మీ మీద నిలబడ్డానికి నాకు చేతులాడటం లేదు. మా నాన్న మర ఆపింది దీనిక్కాదు."

పట్టణ అధ్యక్షుడిగా ఆయన చెప్పవలసిన మాట ఒకటే ఉంది. వెనక్కి తీసుకోండి అంటే చాలు, మా పార్టీ సీటు ఖాయం. ముందుగదిలోంచి వదిన గొంతు వినిపిస్తోంది. ఆయన అటు చూశారు, ఇటు చూశారు.

"కుళాయి సంగతేమైందమ్మా?" అన్నారు.

"ఏమవుద్ది, నీళ్లు రాడం లేదు."

"అయితే వెనక్కెందుకు తీసుకోవడం. ఉండండి."

ఆ నెలంతటిలో పార్టీకి పనికిరాని మాట మా వారి నోట అదొక్కటే విన్నాను. ఆ రాత్రి నేను ఆయన కంచంలో అడక్కుండానే ఇంకాస్త పెరుగు వేశాను.

నూకరత్నం గారు గెలిచారు. బాగానే గెలిచారు. మంగ వదిన వాళ్లాయన మీద అలిగి పుట్టింటికి వెళ్లింది. రాష్ట్రంలో మాత్రం మా పార్టీ చాలాచోట్ల ఓడిపోయింది. దాంతో పార్టీని మళ్లీ కట్టడం అవసరమైంది.

విద్యాధర్ గారు మళ్లీ వచ్చారు. ఈసారి తెల్ల ఖద్దరు వేసుకున్నారు. అదే రోజు నూకరత్నం గారు కూడా వచ్చారు. ఎన్నికల కోడ్ ఎత్తేశారు కాబట్టి పాత కండువా తీసుకుని వెళదామని వచ్చానన్నారు. గెలిచిన కౌన్సిలర్ తిరిగొస్తున్నారంటే మా వారి ముఖం వెలిగిపోయింది. ఆవిడకు మంచి కుర్చీ వేశారు.

"క్షమించాలి," అన్నారు విద్యాధర్ గారు. "అధిష్ఠానం ఓటమిని లోతుగా సమీక్షించింది. పార్టీకి నష్టం చేసింది వలసలే. ఇది నిబద్ధతా సంవత్సరం. పార్టీని ఒక్క రోజైనా వీడినవారికి ఇక ప్రవేశం లేదు."

"గెలిచొచ్చారు కదండీ," అన్నారు మా వారు.

"గెలిచినవారు ఎప్పుడైనా దొరుకుతారు. పార్టీకి ఇప్పుడు కావలసింది పవిత్రత. ప్రతి పట్టణంలోనూ ఎన్నడూ పార్టీని వీడని ఒక్క వ్యక్తిని గుర్తించి, ఆ వ్యక్తి చుట్టూ సంస్థను నిర్మించాలి. అధ్యక్షులు కాకుండా అటువంటివారు మీ ఊళ్లో ఎవరున్నారు?"

మా వారు ఆలోచించలేదు. ఆలోచించవలసిన అవసరం లేదు. అలాంటి మనిషి ఊరంతటికీ ఒక్కరే ఉండేవారు, ఆ గురువారం దాకా. ఆయన ఆవిడ వంక చూశారు. ఆవిడ కిందికి చూస్తూ గోటికంటిన పిండి తీసుకుంటున్నారు.

"మిగతావారంతా కనీసం ఒకసారైనా వెళ్లారండి," అన్నారు మా వారు. "నేను పంపించాను."

విద్యాధర్ గారి చూపు, టీ కప్పులు తీయడానికి వచ్చిన నా మీద పడింది. "అమ్మా, మీరెప్పుడైనా పార్టీ మారారా?"

"లేదండి."

"ఈ కార్యాలయంలో మొదటినుంచీ ఉన్నారు కదూ?"

"ఇల్లు మాదేనండి."

ఆయన ట్యాబు బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డారు. "మూలాధారం దొరికింది. ఆదివారం మీకు సత్కారం. పట్టణ పునర్నిర్మాణ సారథ్యం కూడా మీరే వహించాలి. ఒక లాంఛనం మాత్రం ఉంది. మొన్నటి ఎన్నికల్లో మీ ఓటు..."

"నూకరత్నం గారికి వేశానండి."

విద్యాధర్ గారు కూర్చున్నారు. మా వారి వైపు తిరిగి, కనీసం ఆయనైనా ఏదో ఒకటి అంటారని చూశారు. మా వారు ఆయన అప్పట్లో కప్పిన శాలువా సర్దుకుంటూ కిటికీలోంచి వీధిలోకి చూశారు.

"నేను కూడా," అన్నారు.

నూకరత్నం గారు తలెత్తారు. మా వారి వంక, నా వంక, మళ్లీ మా వారి వంక చూశారు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి గాని గొంతు మామూలుగానే ఉంది.

"అయితే నేను వెళ్లిందెక్కడికండీ?" అన్నారు పరిశీలకుల వారితో.

ఆయన ట్యాబు వంక చూశారు. ఆవిడ మర దగ్గర జనం ఉండుంటారని చెప్పి లేచారు. మా వారు గుమ్మం దాకా వెళ్లి ఆవిడ చెప్పులు దగ్గరికి జరిపారు.